వెనక సగం ఎవరిది

మక్తల్ దాటినాక రాయచూరు రోడ్డు మీద, కంకర మిల్లుకు ఎదురుగా ఒక రేకుల షెడ్డు కనిపిస్తుంది. దాని పక్క గోడ మీద ఎర్రరంగుతో రాసిన అక్షరాలు ఉంటాయి. ఎండకు వెలిసి వెలిసి ఆ ఎరుపు ఎప్పుడో గులాబీ అయిపోయింది.

‘ప్రతి చెమట చుక్కకూ ఒక పేరుంది.’

ఆ వాక్యం చెప్పింది భిక్షపతన్న. నిచ్చెన మీద నిలబడి రాసింది నేను.

రాష్ట్రం వచ్చిన రెండేళ్ళకు పెట్టుకున్నాం ఆ షెడ్డు. భిక్షపతన్న పాలమూరు హాస్టల్లో నాకు నాలుగేళ్ళు సీనియర్. ఉద్యమం రోజుల్లో రోడ్డు మీదే వంటావార్పూ చేసినప్పుడు మా అందరి ముందు నిలబడి గొంతు చించుకున్నవాడు. దోపిడీ అన్న మాటను పుస్తకాల్లో చదవకముందే నేను ఆయన నోట విన్నాను. “నౌకరీ కోసం ఎవ్వనికీ చెయ్యి చాపొద్దు తమ్మీ. మన చేతులే మన ఫ్యాక్టరీ,” అన్నాడు. డిప్లొమా కాగితాన్ని పెట్టెలో పడేసి ఆయన వెంట వచ్చేశాను. మా షెడ్డులో యజమాని లేడు, కూలీ లేడు. ఇద్దరం సమానం. షెడ్డు పేరు రిజిస్టర్ చేయించిన రోజు ఆయన చూపించిన చోటల్లా సంతకం పెట్టాను. కొన్ని కాగితాలు అప్పటికి తెల్లగానే ఉన్నాయి.

“దీంట్ల ఇబ్బంది ఏం లేదు కదన్నా?”

“నమ్మకం లేనోడు ఉద్యమం ఎట్ల చేస్తడు తమ్మీ?” అని నవ్వాడు. నేనూ నవ్వాను.

ఏడేళ్ళ పనిలో నా అరచేతి గీతల్లోకి తుప్పు ఇంకిపోయింది. సబ్బుకు పోదు. కిరోసిన్‌కు పోదు. శ్రామికుడి ఆనవాలు అని దాన్ని చూసుకుని గర్వపడేవాణ్ణి.

ఆ ఎండాకాలం మా దగ్గరికి లారీ మీద ఒక ఎర్ర స్పోర్ట్స్ కారు వచ్చింది. రెండే తలుపులు, రెండే సీట్లు, నేలను రాసుకుంటూ పోయేంత తక్కువ ఎత్తు. హైదరాబాదులో ఎవరో డాక్టరుదట. వరద నీళ్ళొచ్చిన నేలమాళిగలో మూడేళ్ళు అట్లాగే వదిలేశాడట. పైనుంచి చూస్తే పెళ్ళికొడుకులా ఉంది. జాకీల మీద లేపి కిందికి దూరి చూశాను. ఛాసిస్ కుళ్ళిపోయి ఉంది.

ఛాసిస్ అంటే బండికి వెన్నెముక. ఇటొకటి, అటొకటి, రెండు పొడవాటి ఇనుప దూలాలు. లోపల బోలు. తుప్పు ఆ బోలులోనే పుడుతుంది, బయటికి కనిపించదు. అందుకే చెవితో చూడాలి. చిన్న సుత్తితో జానెడుకొకసారి కొడుతూ పోవాలి. గట్టి ఇనుము ‘ఠంగ్’మని మోగుతుంది. కుళ్ళింది ‘డప్’మని చస్తుంది. నేను కొడుతూ పోయాను. చచ్చిన చోటల్లా సుద్దముక్కతో గీత పెట్టాను. ముందు సగంలో నాలుగు గీతలు పడ్డాయి. వెనక సగం అంతా గీతలే.

“మార్చుడే,” అన్నాడు భిక్షపతన్న, బీడీ ఆర్పుతూ.

“బాగు చేద్దాం. కుళ్ళినంత మేర కోసి కొత్త ప్లేటు పెడదాం. రెండు నెలలు పడ్తది, అంతే కద.”

“రెండు నెలలా! ఇదే కంపెనీది, ఇదే మోడల్ ఇంకోటి ఉన్నది తమ్మీ, రాయచూరు దిక్కు. దాని వెనక సగం కోసి దీనికి అతికిస్తే నాలుగు రోజుల పని.”

“సగం ఆ బండి, సగం ఈ బండి? మధ్యల అతుకు మీద మనిషిని కూర్చోబెట్టి నూట యాభై స్పీడుల పంపిస్తవా?”

“ఛాసిస్ నంబరు ముందు సగం మీద కొట్టి ఉంటది. నంబరు ఒక్కటైతే బండి ఒక్కటే. వెనక ఏ ఇనుమైతే ఎవ్వనికి కావాలె?”

నాకు కోపం వచ్చింది. పైకి రంగు పూసి లోపలి కుళ్ళును దాచడమే ఈ వ్యవస్థ చేస్తున్న పని, మనమూ అదే చేస్తే ఆ గోడ మీద రాత ఎందుకు అని అరిచాను. ఇంకా చాలా అన్నాను. ఆయన చెప్పిన మాటలే ఆయనకు తిరిగి అప్పజెప్పాను.

ఆయన చేతులెత్తి దండం పెట్టాడు. “సరే సారూ. నీ మాటే మాట. బాగే చేద్దాం. ఇగ ఉపన్యాసం ఆపు, చాయ్ తాగు.”

గెలిచాననుకున్నాను.

ఆ వారమే మా అక్క పుష్పకు నొప్పులొచ్చాయి. పాలమూరు దవాఖానకు పరుగెత్తాను. సాయంత్రం అయిదింటికి మగపిల్లవాడు పుట్టాడు. మేడమీద వరండాలో నిలబడి ఉంటే, మెట్లెక్కి వస్తూ భిక్షపతన్న కనిపించాడు. చేతిలో పండ్ల సంచి. చొక్కా చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోయింది. మొహంలో రక్తం లేదు.

“ఇంత దూరం ఎందుకొచ్చినవన్నా?”

“నీ అక్క నా అక్క కాదా?” అన్నాడు. సంచి నా చేతిలో పెట్టాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రక్తసంబంధం కన్నా ఇదే గొప్పది అనుకున్నాను.

మూడు వారాలు నేను ఆ కారు కిందే బతికాను. పెచ్చులు గీకాను, కుళ్ళిన ముక్కలు కోశాను. ఇరవై ఒకటో రోజు పిల్లవాణ్ణి తొట్టెలలో వేస్తారని కబురొస్తే కోస్గికి, మా ఇంటికి వెళ్ళాను.

పిల్లవాడు ఏడుస్తున్నాడు. పుట్టినప్పటి నుంచీ అదే ఏడుపట. పాలు తాగినంతసేపే ఆపుతాడు. డాక్టరు చూసి ఏమీ లేదన్నాడు. మా అవ్వ తొట్టెల పక్కన కూర్చుని పేర్లు పిలుస్తోంది. మా దిక్కు అదొక పద్ధతి. పసిపిల్లలు ఊరుకోకుండా ఏడిస్తే ఇంట్లో చనిపోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే పిలుస్తారు. ఏ పేరుకు ఏడుపు ఆగితే ఆ మనిషి తిరిగొచ్చినట్టు. ఆ పేరే పెడతారు.

“రామచంద్రం... వచ్చినవా? కాటమయ్యా... నువ్వా? సోమమ్మా...”

ఏడుపు ఆగలేదు.

“అవ్వా, గివన్నీ మూఢనమ్మకాలు. కడుపుల గాలి పట్టి ఏడుస్తుండు,” అన్నాను.

“నీ పుస్తకాలల్ల రాసి ఉంటే జర సూసి చెప్పు బిడ్డా, ఎవ్వలొచ్చిండ్రో,” అంది అవ్వ. అందరూ నవ్వారు.

నేను తొట్టెల మీదికి వంగబోతే అక్క నా చెయ్యి కొట్టింది. “మల్లీ! గా తుప్పు చేతుల్తోని నా కొడుకును పట్టకు. మల్లీ, చెప్తుంటే ఇనవా? పోయి కడుక్కో పో.”

“కడుక్కున్ననే. పోదిది.”

“పోనిదైతే దూరం ఉండు.”

ఆ పూట పేరు పెట్టలేదు. రెండు రాత్రులుండి మూడో రోజు పొద్దున్నే నేను బయల్దేరుతుంటే అవ్వ గడప దాకా వచ్చి, గొంతు తగ్గించి అంది. “ఎవ్వలూ రాలే బిడ్డా. జాగా ఖాళీగున్నది. అందుకే ఏడుస్తుండు.”

పొద్దెక్కినాక షెడ్డుకు చేరాను.

ఎండ మండిపోతోంది. రోడ్డు మీద పురుగు లేదు. కంకర మిల్లు ఆగి ఉంది. షెడ్డు వెనక వేపచెట్టు కింద సత్తమ్మ అవ్వ గొర్రెలు ఉన్నాయి. ఆమె మా పక్క ఊరి కురుమ ముసలమ్మ. రోజూ ఎండెక్కగానే మందను మా షెడ్డు నీడకు తోలుకొచ్చి, మా కుండలో నీళ్ళు తాగి, కాసేపు నడుం వాలుస్తుంది. ఎండలో గొర్రెలు ఒకదాని కడుపు కింద ఇంకొకటి తల దూర్చి ముద్దగా నిలబడతాయి. ఆ రోజు అట్లా లేవు. తలలన్నీ ఎత్తి ఉన్నాయి. అన్నీ షెడ్డు వైపే చూస్తున్నాయి.

“ఏందవ్వా, నీడకు తోలలేదు?”

“వస్తలేవు కొడుకా. నిన్నటి సంది గిదే కత. కట్టెతోని కొట్టినా అడుగు ఎయ్యవు.”

లోపలికి పోయాను. కారు స్టాండ్ల మీద ఉంది. కింద ఛాసిస్ నల్లగా మెరుస్తోంది. కొత్త రంగు వాసన. ఆ వాసన అడుగున ఇంకేదో... తడి ఇనుము వాసన లాంటిది.

భిక్షపతన్న చేతులు తుడుచుకుంటూ లేచాడు. “చూసినవా? నువ్వొచ్చేసరికి అయిపోగొట్టిన. రెండు రోజులు నిద్ర లేదు.”

“రెండు నెలల పని రెండు రోజుల్లనా?”

“ప్లేట్లు పెట్టిన తమ్మీ. గా డాక్టరు ఒకటే ఫోన్లు.”

సుత్తి తీసుకుని కిందికి దూరాను. ముందు నుంచి కొడుతూ పోయాను. ఠంగ్. ఠంగ్. డప్. నేను గీత పెట్టిన చోటే అది. ఠంగ్. నడిమికి వచ్చాను. అక్కడ రంగు కింద వేలికి ఒక గట్టు తగిలింది. దూలం చుట్టూ తిరిగిన వెల్డింగు అతుకు. అక్కడి నుంచి వెనక్కి... ఠంగ్. ఠంగ్. ఠంగ్. వెనక సగమంతా గుడిగంటలా మోగింది.

నేను మూడు వారాలు గీకిన ఇనుము కాదది.

సుత్తి దించాను. మోత ఆగలేదు.

మొదట అది సుత్తిదెబ్బ మిగిల్చిన మోతే అనుకున్నాను. ఎండకు రేకులు వ్యాకోచించే చప్పుడు అనుకున్నాను. నేను భౌతికవాదిని. దెయ్యాలు దొరలు పుట్టించిన భయమని హాస్టల్లో గంటసేపు మాట్లాడి మొదటి బహుమతి తెచ్చుకున్నవాణ్ణి. ఆ మోత సన్నబడింది. సన్నబడి, పైకి లేచింది. కొంచెం ఆగింది. మళ్ళీ లేచింది. ఊపిరి తీసుకోవడానికి ఆగినట్టు.

నేను నిన్న రాత్రంతా విన్న ఏడుపు అది.

పసిపిల్లవాడి ఏడుపు. బోలు దూలం లోపలి నుంచి.

బయటికి పాకి వచ్చాను. భిక్షపతన్న గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆయన ఆశ్చర్యపోలేదు. ఆ సంగతి నాకు ఆ క్షణంలోనే తెలిసింది... ఆయన ఇది ముందే విన్నాడు.

“ఎప్పటి సంది?” అన్నాను.

“నిన్న. అతికించినప్పటి సంది. ఎండెక్కితే షురూ అయితది... గాలికి తమ్మీ. బోలుంది కద, గాలికి.”

గాలి లేదు. వేపాకు కదలడం లేదు. అప్పుడే కరెంటు పోయింది. తలమీది ఫ్యాను నెమ్మదిగా తిరిగి ఆగిపోయింది. షెడ్డులో ఆ ఏడుపు ఒక్కటే మిగిలింది.

గుమ్మంలో సత్తమ్మ అవ్వ నిలబడి ఉంది. గొంగడి తలమీదికి లాక్కుంది. కాసేపు తల వంచి విన్నది.

“పిల్లగాడా?”

“ఇనుమవ్వా,” అన్నాడు భిక్షపతన్న.

“ఇనుము గిట్ల ఏడుస్తదా?” ఆమె లోపలికి వచ్చి కారు పక్కన చతికిలబడింది. పసిపిల్ల తొట్టెల పక్కన కూర్చున్నట్టే. “ఎవ్వలో పేరు పిలుస్తలేరని ఏడుస్తుండ్రు. పిలువాలె. పిలిస్తే ఊకుంటరు. దీంట్ల ఎవ్వలన్న సచ్చిండ్రా?”

“ఎవ్వరూ సావలే.” మరీ తొందరగా అన్నాడు భిక్షపతన్న.

ఆమె ఆయన వైపు చూడనైనా లేదు. ఆ రోడ్డు మీద ప్రాణాలు పోయినవాళ్ళు ఆమెకు అందరూ తెలుసు. కళ్ళు మూసుకుని పిలవడం మొదలుపెట్టింది.

“కురుమయ్యా... నువ్వా బిడ్డా?”

ఏడుపు తగ్గింది. వింటున్నట్టు. ఏడుపు మళ్ళీ అందుకుంది.

“లీలమ్మా... నువ్వా తల్లీ?”

తగ్గింది. విన్నది. కాదన్నట్టు ఇంకా గట్టిగా లేచింది. స్టాండ్లు నేల మీద టకటకమని కొట్టుకోవడం మొదలైంది.

“నాగరాణీ... బీరన్నా...”

నేను భిక్షపతన్న చొక్కా పట్టుకున్నాను. “అన్నా, ఎవరిది వెనక సగం? యాడికెల్లి తెచ్చినవ్?”

“పాత ఇనుము కబాడీల...”

“అబద్ధం!”

ఆయన్ను తోసేసి కారు వైపు నడిచాను. స్టాండ్లు ఊగుతున్నాయి. ఇంకో క్షణంలో అంత బరువూ సత్తమ్మ అవ్వ కాళ్ళ మీద పడుతుంది. ఆమెను లాగాలని వంగాను. నేను దాని కిందికి పోతున్నాననుకున్నాడో ఏమో, భిక్షపతన్న వెనక నుంచి కేక పెట్టాడు.

“మల్లికార్జున్! ఆగు!”

ఏడుపు ఆగింది.

ఠక్కున. గొంతు మీద చెయ్యి వేసినట్టు.

స్టాండ్లు కదలడం లేదు. ఎక్కడో రేకు మీద ఉడుత పరుగెత్తిన చప్పుడు వినిపించింది. సత్తమ్మ అవ్వ కళ్ళు తెరిచింది. ముందు నన్ను చూసింది. తర్వాత భిక్షపతన్నను చూసింది.

“గది ఎవ్వల పేరు?” అంది మెల్లగా.

ఆమె నన్ను ఎప్పుడూ కొడుకా అనే పిలిచేది. భిక్షపతన్న తమ్మీ అనేవాడు. ఆ షెడ్డులో ఏడేళ్ళుగా నా పేరు ఎవరూ పలికినట్టు నాకు గుర్తు లేదు.

“నాది,” అన్నాను.

“పిలిచేది సచ్చినోళ్ళను కదరా...” ఆమె నా చెయ్యి పట్టుకుని తడిమి చూసింది. “బతికినోని పేరుకు ఎట్ల ఊకుంటది?”

భిక్షపతన్న నేల మీద కూలబడ్డాడు. మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడు. గోడకు చెప్తున్నట్టు చెప్పాడు.

రాయచూరు దిక్కు ఉన్న ఆ రెండో కారును ఆయన మా వాదనకు నెల ముందే కొన్నాడు. నా సంతకం ఉన్న తెల్లకాగితం మీద, నా పేరున. దొంగబండి అని తెలుసు. దొరికితే నేను దొరకాలని. నేను వద్దని అరిచిన తర్వాత కూడా దాన్ని తెప్పించాడు. అక్కడ అడ్డా మీద నిలబడ్డ ఒక కూలివాణ్ణి పిలిచి తోలుకు రమ్మన్నాడు. వంతెన దగ్గర అది ఎదురుగా లారీకి గుద్దుకుంది. ముందు సగం నుజ్జునుజ్జయింది, వెనక సగం అట్లాగే మిగిలింది. వాడికి మొహం మిగలలేదు.

“పేరేంది?” అన్నాను.

“ఎవ్వని పేరు?”

“తోలుకొచ్చినోని పేరు.”

“అడగలే.”

బయట గోడ మీద అక్షరాలు నా కళ్ళ ముందు మెదిలాయి. నిచ్చెన మీద నిలబడి, రంగు కారకుండా ఒక్కో అక్షరానికి రెండు పూతలు వేశాను నేను.

“పాలమూరు దవాఖానల అడిగిండ్రు తమ్మీ, ఎవరీ మనిషి అని. కాగితాల నీ పేరున్నది. బండి ఓనరే సచ్చిండంటే ఇగ ఎవ్వరూ ఎన్క పడరు. కేసు ఆడికే ఖతం. నేనే సంతకం పెట్టిన. మా తమ్ముడే అన్న. నేనే... కాష్టం కాడ గిట్ల మూడుసార్లు పేరు పెట్టి పిలువమన్నరు. పిలిచిన.”

“ఏ పేరు?”

వేలితో నన్ను చూపించాడు.

“ఏ రోజు?”

ఆయన తల ఎత్తలేదు. “మీ అక్క కాన్పు రోజు.”

పండ్ల సంచి. తడిసిన చొక్కా. నేను పైన వరండాలో మేనల్లుడి కోసం కాచుకుని ఉంటే, ఈయన కింద గదిలో నా పేరును శవానికి కట్టబెట్టి, చేతులు కడుక్కుని, మెట్లెక్కి వచ్చాడు. నీ అక్క నా అక్క కాదా అన్నాడు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఫ్యాను కదిలింది. కరెంటు వచ్చింది.

నేను లేచి గ్రైండరు అందుకున్నాను.

“ఏం చేస్తున్నవ్?”

“మార్చాల్నా, బాగు చెయ్యాల్నా అని కొట్లాడుకున్నం కద. రెండూ కాదు. కోస్తున్న. ఎవరి సగం వాళ్ళకు.”

సత్తమ్మ అవ్వ నా మోచెయ్యి పట్టుకుంది. ఆమె చేతికి గొర్రె వాసన, గొంగడి వాసన. “కొయ్యకు కొడుకా. పేరు ఇన్నది, ఊకున్నది. ఇప్పుడు దానికి ఒక జాగా ఉన్నది. జాగా తీసేస్తే అది యాడికి పోవాలె?”

“ఇనుమవ్వా ఇది! ఇనుము, అబద్ధం, అంతే!” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. చేయి విడిపించుకున్నాను. నల్ల అద్దం కళ్ళకు దించుకుని కిందికి దూరాను.

ఆ అద్దం వెల్డింగుకు వాడేది. పెట్టుకుంటే మిట్టమధ్యాహ్నం కూడా చీకటే. రవ్వలు లేస్తే, ఆ రవ్వల వెలుగు పడినంత మేరే కనిపిస్తుంది. చక్రాన్ని అతుకు మీద ఆనించాను. రవ్వలు లేచాయి. దూలం కనిపించింది. అతుకు కనిపించింది.

దూలానికి అవతల ఒక చెయ్యి కనిపించింది.

నేను ఆపాను. చీకటి. అన్న అటువైపు నుంచి దూరాడనుకున్నాను. “అన్నా, జరుగు,” అన్నాను.

“నేను గోడకాడనే ఉన్న తమ్మీ...” దూరం నుంచి వినిపించింది.

మళ్ళీ ఆనించాను. రవ్వలు. చెయ్యి అక్కడే ఉంది. వెనక సగాన్ని కింద నుంచి పట్టుకుని ఉంది, పడిపోకుండా. పనివాడు సాయం పట్టినట్టు. గోళ్ళ నిండా మన్ను. మణికట్టు. మోచెయ్యి. నా పక్కన, నాలాగే, వెల్లకిలా ఒకడు పడుకుని ఉన్నాడు. రవ్వల వెలుగు అతని భుజం దాకా పోయింది. ఇంకా పైకి పోయింది.

అక్కడ మొహం లేదు.

కానీ అది నా వైపు తిరిగింది.

నేను ఆపాల్సింది. ఆపలేదు. భయం కన్నా కోపం పెద్దదిగా ఉంది. కోస్తూనే పోయాను. చివరి వేలెడు ఇనుము తెగింది... వెనక సగం కింద పడలేదు. మెల్లగా, ఎవరో దించినట్టు, చప్పుడు లేకుండా నేలను తాకింది.

కోసిన బోలు లోపలి నుంచి ఒక వాసన వచ్చింది. తుప్పు వాసన కాదు. సాంబ్రాణి. ఆముదం. పాలు. అప్పుడే స్నానం చేయించిన పసిపిల్లవాడి వాసన.

అద్దం తీసి విసిరేశాను. పక్కన ఎవరూ లేరు. బయట వేపచెట్టు కింద గొర్రెలు తలలు దించుకున్నాయి. ఒక్కొక్కటే నడిచి వచ్చి, షెడ్డు నీడలో పడుకున్నాయి.

“పోయింది,” అంది సత్తమ్మ అవ్వ. ఆమె మొహంలో సంతోషం లేదు.

జేబులో ఫోను మోగింది. అక్క.

“యాడున్నవ్‌రా? పొద్దటి సంది చేస్తున్న, కలుస్తలేదు.” ఆమె గొంతులో నవ్వు, ఏడుపు రెండూ ఉన్నాయి. “పిల్లగాడు ఊకున్నడు. ఇరవై మూడు రోజుల్ల ఇప్పుడే, గిప్పుడే ఊకున్నడు.”

“ఏ పేరుకు?”

“ఏ పేరూ పిలువలే. నీ ఫోన్ కలుస్తలేదని తొట్టెల కాడ నిలబడి ‘మల్లీ, ఎత్తురా’ అన్న. టక్కున ఆపిండు. నా దిక్కే చూస్తుండు.”

మొన్న అదే తొట్టెల పక్కన నన్ను పేరు పెట్టి తిట్టింది అక్క. అప్పుడు వాడు ఆపలేదు.

“అవ్వ ఏమన్నది?”

“అవ్వకేమైందో. నిన్ను చూడాలె, జల్ది పిలువు అని గుండెలు బాదుకుంటుంది. నువ్వు మంచిగనే ఉన్నవ్ కద?” వెనక అవ్వ ఏడుపు వినిపిస్తోంది. పిల్లవాడి చప్పుడు లేదు. “ఇంకోటి మల్లీ... పుట్టినకాడి నుంచి పిడికిళ్ళు బిగబట్టుకుని ఉండె కద, ఇప్పుడు తెరిచిండు. రెండు చేతులల్ల గీతల పొంటి ఎర్రగ ఏందో ఉన్నదిరా. తుప్పు లెక్క. తడిబట్టతోని తుడిచిన, నూనె రాసిన... పోతలేదు. నువ్వు వాన్ని పట్టనే లేదు కద?”

లేదు. నేను వాణ్ణి పట్టుకోలేదు.

ఫోను చెవికి అట్లాగే ఉంది. రెండో చెయ్యి వెలుతురులోకి చాపి చూసుకున్నాను. ఫోను ఈ చేతిలోకి మార్చుకుని ఆ చెయ్యి కూడా చూశాను.

రెండు అరచేతులూ తెల్లగా, మెత్తగా, శుభ్రంగా ఉన్నాయి. గీతల్లో ఒక్క మరక లేదు.